ఎదురుకాళ్ల కస్తూరి

గంగాబాయి నడుం మీద ఎడమకాలు మూడోసారి ఆనించి, "లెవ్వు" అంది కస్తూరి. గంగాబాయి గోడ పట్టుకుని లేచి, అటూ ఇటూ వంగి చూసుకుని, పట్టేసిన ఇరుకు వదిలిందని నవ్వుతూ పోయింది.

కస్తూరి తల్లి కడుపులోంచి కాళ్లు ముందు పెట్టి వచ్చింది. అలా పుట్టినవాళ్ల కాలు తగిలితే పట్టేసిన నడుం వదులుతుందని జనగామ మార్కెట్లో బస్తాలు మోసేవాళ్లందరికీ నమ్మకం. మిగతా పొద్దంతా ఆమె అక్కడ ధాన్యం చెరిగే కూలిమనిషి, పేరు పెట్టి పిలిచేవాళ్లే ఉండరు. పొద్దున ఆ కాసేపే ఆమె గొప్ప. ఆ గొప్పంటే ఆమెకు మహా ఇష్టం, దాచుకునేదీ కాదు.

అయితే ఆమెకో కట్టుబాటు ఉంది. ఇరుకుకే కాలు, దెబ్బకు కాదు. అరవై తొమ్మిది తెలంగాణ గొడవల్లో లాఠీ దెబ్బలు తిన్న కాలేజీ పిల్లలు గడప ముందు కూలబడితే, దవాఖానకు పొమ్మని కసిరింది.

లోపల మంచం మీద ఆమె మొగుడు సోమయ్య ఉన్నాడు. కిందటి అంగడి నాడు మక్కల బస్తా జారి అతని పిక్క మీద పడింది. ఎముక బాగానే ఉంది, కండ నలిగిందన్నాడు డాక్టరు. పట్టీ చుట్టి, కాలు ఎత్తు మీద పెట్టమన్నాడు. రుద్దొద్దన్నాడు, వాపు పెరిగితే వెంటనే రమ్మన్నాడు. రుద్దకపోతే నొప్పి ఎలా పోతుందో కస్తూరికి అర్థం కాలేదు. ఇప్పుడు పిక్క బిగుసుకుని ఎర్రగా, వేడిగా ఉంది.

ముఠామేస్త్రీ రామచందర్ గడపలోనే నిలబడ్డాడు.

"రేపు రాకుంటే ముఠాల నీ జాగ మోతీకి ఇస్త సోమన్నా. నన్నేం అనకు."

అతను వెళ్లాక సోమయ్య కస్తూరి వైపు తిరిగాడు.

"ఊరందరిని తొక్కినవ్. నన్నెందుకు తొక్కవే?"

"మొగని మీద కాలు పెడితే పాపమయ్యా."

"జాగ పోతే ఏం తింటం? గది పాపం గాదా?"

కస్తూరి తలుపు మూసింది. ముందుగా అతని పాదాలకు మొక్కింది. పట్టీ విప్పి, వేడి ఆముదం రాసి, గోడ పట్టుకుని పిక్కను మడమ నుంచి మోకాలి దాకా తొక్కింది. అతను పళ్లు బిగించి, "ఇంకా గట్టిగ తొక్కు" అన్నాడు. తర్వాత నిజంగానే లేచి, గోడ పట్టుకుని వాకిట్లోకి నడిచాడు. కస్తూరి సంబరానికి పట్టపగ్గాల్లేవు. చెమటతో మాసిన పట్టీని ఉతికి దండెం మీద ఆరేసి, చాయ్ పెట్టింది.

గ్లాసు అందించబోతే అతను అందుకోలేదు.

"దమ్ము అందుతలేదే" అన్నాడు, కొత్త సంగతేదో చెబుతున్నట్టు. గోడకు ఆనుకుని అలాగే కిందికి జారాడు. అంతే. అతను అందుకుంటాడని కస్తూరి గ్లాసు పట్టుకునే నిలబడి ఉంది.

దవాఖానలో డాక్టరు కాలు చూసి, కాలులో గడ్డకట్టిన రక్తం కదిలి ఊపిరితిత్తులకు అడ్డం పడి ఉంటుందన్నాడు. "ఎవరైనా రుద్దారా?" అని అడిగాడు.

 వెంట వచ్చిన గంగాబాయికి కోపం వచ్చింది.

"లేదు సారూ. ఇరుకుకు తప్ప మా కస్తూరి కాలు పెట్టది. జనగామల ఎవల్నన్న అడుగు."

కస్తూరి తల వంచి తన ఎడమకాలు చూసుకుంది. ఆముదానికి దారి దుమ్మంతా అంటుకుని ఉంది. దాన్ని కుచ్చిళ్ల కిందికి లాక్కుంది.

శవాన్ని వాకిట్లో దించేసరికి ఎండ తగ్గింది. దండెం మీద, రేపు మళ్లీ చుట్టాలని ఉతికిన పట్టీ పూర్తిగా ఆరిపోయి, గాలికి మెల్లగా మెలిపడుతూ విప్పుకుంటూ ఉంది.