బావగారి చెవి

మా బావకి తన చెవి మీద ఉన్న నమ్మకం ఈ లోకంలో దేని మీదా లేదు. ఆయన పంపులు బాగుచేస్తాడు. నడుస్తున్న పంపుకి స్క్రూడ్రైవరు మొన ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, "వాల్వు పోయింది" అని తేల్చేస్తాడు. విప్పి చూస్తే నిజంగానే పోయి ఉంటుంది. దాంతో ఆయన కళ్ళు నెత్తికెక్కాయి.

ఆయన కూతురికి పదమూడేళ్ళు. పరుగు సాధనలో రెండుసార్లు స్పృహ తప్పి పడిపోయింది. మా అక్క కంగారుపడితే, "ఒళ్ళు వంచలేక నాటకాలు" అని కొట్టిపారేశాడు. మెడలో ఈల వేసుకుని, రోజూ పొద్దున్నే మైదానం చుట్టూ దగ్గరుండి పరిగెత్తించాడు. ఆ ఈల షాపులో కూడా తియ్యడు. తను మాత్రం బస్టాపు దాకా నడిస్తే రొప్పుతాడు, అది వేరే సంగతి.

నేను ఆసుపత్రిలో గుండె స్కానింగులు తీస్తాను. రేపు స్కూల్లో పరుగు పందెం అనగా, ఆయనకి చెప్పకుండా పిల్లని తీసుకెళ్ళి బల్ల మీద పడుకోబెట్టాను. తెర మీద చూసి, నమ్మలేక మళ్ళీ మొదటి నుంచి తీశాను. గుండె నుంచి ఒంటికి రక్తం వెళ్ళే దారిలో వాల్వుకి మూడు రెక్కలుండాలి. దీనికి పుట్టుకతోనే రెండు. అవీ సగమే తెరుచుకుంటున్నాయి. ఆ ఇరుకులోంచి రక్తాన్ని తోసి తోసి ఎడమ గది గోడ దళసరెక్కిపోయింది. ఈసారి పరిగెత్తి పడితే పిల్ల లేవకపోవచ్చు.

డాక్టరు అక్కనీ బావనీ పిలిపించి అంతా చెప్పాడు. పందెం మాట మరిచిపొమ్మన్నాడు, త్వరగా ఆపరేషన్ చెయ్యాలన్నాడు. పిల్లని పక్కనే కూర్చోబెట్టుకుని అక్క ఏడుస్తోంది. బావ మాత్రం కుర్చీలో వెనక్కి వాలాడు. తనకి తెలియనిది ఇంకొకరు చెప్తే ఆయన ఒంటికి పడదు.

"ఇందులో కొత్తేముందండీ? ఇది నెల పిల్లగా ఉన్నప్పుడే వీపుకి చెవి ఆనించి విన్నా. లోపల బుస. వాల్వు తేడా అని అప్పుడే అనుకున్నా. మీ మిషన్లు ఇప్పుడు చెప్తున్నాయి."

అక్క ఏడుపు ఆగిపోయింది. నేను నోరు తెరవబోయాను, కానీ పిల్లే ముందు అడిగింది.

"మరి తెలిసే పరిగెత్తించావా నాన్నా?"

కోతలు కోశానమ్మా అంటే సరిపోయేది. ఆ ఒక్క మాట మానేసి బావ మెడలో ఈల తిప్పుకుంటూ కూర్చున్నాడు.