సువార్త పరీక్షకు నేను పట్టిన టైము

నేను ఒక స్టాప్‌వాచీని. గోడ గడియారంలా ఇంటిల్లిపాదికీ టైము చెప్పను, చేతి గడియారంలా ఎవరి మణికట్టుకూ అందం తేను. ఒకసారి నొక్కితే పరుగు అందుకుంటాను, మళ్ళీ నొక్కితే ఆగుతాను, మూడోసారి నొక్కితే జరిగినదంతా మరిచిపోయి సున్నా దగ్గరికి వచ్చి నిలబడతాను. ఈ మూడో గుణం మనుషులకు లేదు కదా అని చాలాకాలం వాళ్ళ మీద జాలిపడ్డాను. ఇప్పుడు పడటం లేదు.

నన్ను చేసింది ఏదో చలిదేశంలో. కంటికి భూతద్దం తగిలించుకున్న ఒకావిడ సన్నని పట్టకారతో నా కడుపులో స్ప్రింగు కూర్చోబెట్టిందని లీలగా గుర్తు. ఆవిడ ముఖం చూడలేదు గానీ ఊపిరి తగిలింది. ఆ తరవాత ఓడ ఎక్కి మద్రాసు చేరి, ఒక కొట్టు అద్దాల బీరువాలో రెండేళ్ళు మగ్గి, చివరికి విజయనగరం జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూలుకు వచ్చి పడ్డాను. అక్కడ నన్ను అందుకున్న చెయ్యి అప్పలస్వామి మాస్టారిది. ఆయన డ్రిల్లు మాస్టారు. మెడలో ఈల, చేతిలో నేను, నోట్లో ఎప్పుడూ ఎవరినో ఒకరిని పరిగెత్తించే కేక.

ఇరవై తొమ్మిదేళ్ళు ఆయన కుడి బొటనవేలి కిందే బతికాను. వట్టికాళ్ళతో పరిగెత్తే పిల్లలు గీత దాటగానే ఆయన నన్ను నొక్కేవారు. వాళ్ళు రొప్పుతూ వచ్చి నా ముఖంలోకి తొంగిచూసేవారు. నా ముల్లు ఎంత తక్కువ తిరిగితే అంత గొప్ప. నిన్న పదమూడున్నర సెకన్లు పట్టినవాడికి ఇవాళ పదమూడే పడితే మాస్టారికి ఏనుగెక్కినంత సంబరం. ఆయనకు తెలిసిన శాస్త్రమంతా అదే, నాకు నేర్పినదీ అదే. తరవాత ప్లాస్టిక్ వాచీలు వచ్చి నన్ను మూలన పెట్టాయి. మాస్టారు రిటైరైన రోజున, ఇద్దరం పాతబడ్డామని కాబోలు, శాలువాతో పాటు నన్ను కూడా ఆయన చేతిలో పెట్టి పంపేశారు. ఆ పని చేసిన హెడ్మాస్టరు ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

మాస్టారికి ఇంట్లో కాలు నిలవలేదు. ఆయన దగ్గర ఒకప్పుడు రిలే పరిగెత్తిన తవిటినాయుడు ఇప్పుడు విజయనగరంలో ఒక మేడ మీద ఇంగ్లీషు కోచింగ్ సెంటరు నడుపుతున్నాడు. నలభై దగ్గరపడిన మనిషి, మాస్టారు కనిపిస్తే ఇప్పటికీ చేతులు కట్టుకునే నిలబడతాడు. అక్కడికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది విదేశీ ఆసుపత్రుల్లో ఉద్యోగాలకు పరీక్ష రాసే నర్సులు. ఫోన్లో టైము పెడితే దానివంకే చూస్తూ మాట మరిచిపోతున్నారని, టైము పట్టడానికి ఒక మనిషి కావాలని అతను అన్నాడు. మాస్టారు మర్నాడే చొక్కా ఇస్త్రీ చేయించుకుని, నాకు కీ ఇచ్చి, మెట్లెక్కేశారు.

ఆ పరీక్షలో మాట్లాడే భాగం ఒక చిన్న నాటకంలా ఉంటుంది. ఎదురుగా కూర్చున్న మనిషి రోగిలా నటిస్తాడు, నర్సు నర్సులాగే మాట్లాడాలి. ఒక్కో నాటకానికి ఐదు నిమిషాలు. రోగి బాధ ఏమిటో ముందుగా ఒక అట్టముక్క మీద రాసి ఇస్తారు. ఇంతే కదా అనిపిస్తుంది. పదేళ్ళు రోగుల మధ్య పనిచేసిన సువార్త ఈ ఇంతే దగ్గరే ఒకసారి తప్పింది.

సువార్త స్టాఫ్ నర్సు. చామనచాయ, బిగించి అల్లిన జడ, ఎప్పుడూ ఎవరో వెనక నుంచి పిలుస్తున్నట్టు ఉండే నడక. రాయడం, చదవడం, వినడం మూడింటిలోనూ ఆమెకు కావలసిన మార్కులు వచ్చేశాయి. మాట్లాడే భాగంలో మాత్రం బీ రావలసిన చోట సీ వచ్చింది. ఐర్లండులో ఒక ఆసుపత్రివాళ్ళు ఉద్యోగం ఇస్తామన్నారు గానీ మార్చి నెలాఖరు దాటితే ఆ చోటు ఇంకొకరికి వెళ్ళిపోతుంది. ఆలోగా రెండుసార్లు రాయడానికి మాత్రం వీలుంది. అంత దూరం ఎందుకమ్మా అని మాస్టారు ఒకరోజు చక్కెర వెయ్యని టీ తాగుతూ అడిగారు. తన వార్డులో నలభై మంచాలకు ఇద్దరే నర్సులని, అక్కడ ఒక్కొక్కరికి ఐదారుగురు రోగులే ఉంటారట అని ఆమె చెప్పింది.

"ఒక్కరోజైనా పేషెంటు పక్కన కూర్చుని డ్యూటీ చెయ్యాలనుంది మాస్టారూ. ఇక్కడ కూర్చున్నట్టు కనిపిస్తే మెమో ఇస్తారు," అంది.

నవ్వుతూనే అంది. మాస్టారు నవ్వలేదు. ఆ రోజు నుంచి ఈ పిల్లను గెలిపించి తీరాలని ఆయన పంతం పట్టారు. గెలిపించడం ఆయనకు ఎలా తెలుసో మీకు చెప్పాను కదా.

తవిటినాయుడు రోగి వేషం కట్టేవాడు. సువార్త వచ్చి కూర్చునేది, మాస్టారు నన్ను నొక్కేవారు. ఆమె గుక్కతిప్పుకోకుండా అందుకునేది. మీ ఆందోళన నాకు అర్థమైంది, మందు రోజుకు రెండుసార్లు, తిండికి ముందు, అనుమానం ఉంటే అడగండి, ధన్యవాదాలు. అంతా బట్టీపట్టిన ఇంగ్లీషు, తప్పు దొర్లదు. మొదటి రోజు మూడు నిమిషాల పది సెకన్లు పట్టింది. మాస్టారు బోర్డు మీద రాశారు. మర్నాడు రెండు యాభై అయిదు. వారం తిరిగేసరికి రెండు నలభై. బోర్డు మీద ఆ అంకెలు దిగుతుంటే మాస్టారి ముఖం వెలిగిపోయేది. ఒకప్పుడు గెలిచిన పిల్లలకు ఇచ్చినట్టే ఆమెకు కూడా ఉప్పు అద్దిన నిమ్మబద్ద ఇచ్చేవారు. ఇది తప్పుదారని తవిటినాయుడికైనా తట్టవద్దూ? ఆగకుండా మాట్లాడటమే ఇంగ్లీషు రావడం అని మన ఊళ్ళలో పాతుకుపోయిన నమ్మకం అతనికీ ఉంది. పైగా టైము తగ్గితే తప్పని డ్రిల్లు మాస్టారితో చెప్పే ధైర్యం రిలే పరిగెత్తినవాడికి ఎక్కడిది? ఇద్దరూ చదువుకున్నవాళ్ళే, ఇద్దరూ కలిసి ఆమెను రోజురోజుకీ ఓటమి వైపు తొందరగా పరిగెత్తించారు. లెక్క పట్టింది నేనే, తప్పులో నాకూ వాటా ఉంది.

సువార్త వెళ్ళి పరీక్ష రాసింది, ఫలితం వచ్చింది. మళ్ళీ సీ. మార్కులు పాతవాటికన్నా ఇంకా తగ్గాయి.

ఆ సాయంత్రం మాస్టారు తవిటినాయుణ్ణి పిలిచి, వాళ్ళిచ్చేది ఐదు నిమిషాలే కదా, ముందే ముగిస్తే మంచిదే కదా అని అడిగారు. తవిటినాయుడు తల దించుకుని, ముందే ముగిస్తే రోగి చెప్పేది విననట్టు లెక్కేమోనండీ అని నసిగాడు. మాస్టారికి తల కొట్టేసినట్టయింది. లేచి వెళ్ళి బోర్డు మీది అంకెలన్నీ అరచేత్తో చెరిపేశారు.

మర్నాటి నుంచి ఇంకో వరస. ఐదు నిమిషాలూ మాట్లాడు, ఒక్క సెకను తగ్గకూడదు అన్నారు. సువార్త ఇంకో రెండు పేజీలు బట్టీపట్టి ఐదు నిమిషాలూ ఊదరగొట్టింది. వింటుంటే నాకే అలసట వచ్చింది. చివరి పరీక్షకు పద్దెనిమిది రోజులు మిగిలాయి. ఆమె నడకలో తొందర పోయింది, భయం వచ్చింది.

అటువంటి ఒక మధ్యాహ్నం తవిటినాయుడు మరదలి పెళ్ళికని ఊరెళ్ళాడు. రోగి లేడు. సెలవు పెట్టుకుని వచ్చిన సువార్త గుమ్మంలో నిలబడిపోయింది. రోజంతా వృథా పోవడం చూడలేక మాస్టారు, రోగిగా నేను కూర్చుంటాను, తెలుగులో చెప్తాను, నువ్వు ఇంగ్లీషులో మాట్లాడు, నాకు ఆమాత్రం అర్థమవుతుంది అన్నారు. అట్టల కట్టలోంచి పైన ఉన్నది తీశారు. షుగరున్న ఒక పెద్దాయన, కాలికి పుండు, మేజోడు విప్పనంటున్నాడు. నన్ను నొక్కి బల్ల మీద పెట్టారు.

సువార్త అందుకుంది. మీ ఆందోళన నాకు అర్థమైంది అంటూ శుభ్రత గురించి, మందుల గురించి, చెప్పుల గురించి చెప్పుకుపోతోంది. మాస్టారు చెయ్యి ఎత్తారు.

"ఏటమ్మా, అన్నీ నువ్వే చెప్పీసి ఎలిపోతన్నావు? నేనింకా మొదలెట్టనేదు."

సువార్త ఆగింది. ఆ సెంటరులో ఆమె ఆగడం నేను మొదటిసారి విన్నాను. నా ముల్లు పదకొండు సెకన్లు తిరిగింది. అప్పుడు మాస్టారు నెమ్మదిగా మొదలుపెట్టారు. చెప్పులో మేకు గుచ్చుకుందని, మూడు వారాలైందని, ఇంట్లో ఆవిడకు చెప్పలేదని, చెబితే సెంటరుకు పంపదని. ఇవేవీ అట్ట మీద లేవు. ఆమె ఇంగ్లీషులోనే, బట్టీలో లేని చిన్న చిన్న మాటలతో అడిగింది: ఏ వేలు, ఎలా ఉంది, నొప్పి ఎంత. అడిగి ప్రతిసారీ ఆయన ముగించేదాకా చూసింది.

"నొప్పి అసలు నేదమ్మా. అందుకే పట్టించుకోనేదు."

ఆ మాటకు ఆమె రంగు మారింది. షుగరున్న మనిషికి పుండు నొప్పి పెట్టలేదంటే కాలు మొద్దుబారి లోపల కుళ్ళుతోందని నర్సుకు ఒకరు చెప్పాలా? కుర్చీ దిగి నేల మీద కూర్చుని ఆయన కాలు ఒళ్ళోకి తీసుకుంది.

"మాస్టారూ, ఇది నటన కాదు కదా," అంది తెలుగులో.

ఆమె మేజోడు విప్పింది. ఆ తరవాత వినిపించినవి ఆటోకు ఫోను, సెంటరు తలుపు గొళ్ళెం, మెట్ల మీద ఇద్దరి అడుగులు. నన్ను తాళాలతో పాటు తన సంచిలో వేసుకుంది గానీ నొక్కలేదు. ఐదు నిమిషాలు దాటాయి, అరగంట దాటింది, నేను తిరుగుతూనే ఉన్నాను. మర్నాడు పొద్దుటికి కీ అయిపోయి నా అంతట నేనే ఆగాను. ఎవరూ ఆపకుండా ఆగడం నాకు అదే మొదలు. నన్ను అలా మరిచిపోయినందుకు ఆ పిల్లకు ఎన్ని దండాలు పెట్టినా చాలవు.

పెద్దాసుపత్రిలో ఒక వేలు తీసేశారు. పాదం నిలబడింది. ఇంకో వారం ఆగివుంటే మోకాలి దాకా వెళ్ళేదని డాక్టరు చెప్పాడట. మాస్టారి భార్య బంగారమ్మగారు ముందు మొగుణ్ణి చెడామడా తిట్టి, తరవాత సువార్త చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. చేతిలో ఏదో ఒకటి ఉంటే గానీ మాస్టారికి తోచదు కనుక సువార్త నన్ను తెచ్చి ఆయన దిండు కింద పెట్టింది.

ఆ వార్డే సువార్తకు సెంటరైంది. డ్యూటీ దిగి, సాయంత్రం రోగులను చూడనిచ్చే వేళకు వచ్చేది. మాస్టారు రోగి, నటించే పని లేదు. పక్క మంచం మీద కాలు విరిగిన లారీ డ్రైవరు తానూ ఒక నాటకం వేస్తానని పట్టుబట్టాడు. కొడుక్కి తోడుండటానికి వచ్చిన ఒక ముసలావిడ, ఆసుపత్రి అన్నం మెత్తబడిపోతోందని ఇరవై నిమిషాలు చెప్పుకుంది. వాళ్ళు తెలుగులో గోడు చెబుతారు, ఆమె ఇంగ్లీషులో అడుగుతుంది, వాళ్ళకు సగం అర్థమవుతుంది, ఆమె ముఖం చూసి మిగతా సగం పోల్చుకుంటారు. అర్థం కానప్పుడు ముసలావిడ నిర్మొహమాటంగా మళ్ళీ చెప్పమనేది. తవిటినాయుడు మంచం పక్కన నిలబడి ఆమె మాటల్లో తప్పులు రాసుకునేవాడు. టైము ఎవరూ పట్టలేదు. నాకు కీ కూడా ఇవ్వలేదు. దిండు కింద పడుకుని ఊరికే విన్నాను.

ఆమె వైజాగు వెళ్ళి పరీక్ష రాసి వచ్చింది. ఎలా రాశావంటే, రోగిగా కూర్చున్నతను చెప్పింది విన్నానండీ అని మాత్రం అంది. అప్పటి నుంచి మాస్టారికి తిండి సయించలేదు. పోయిన పరీక్ష తన వల్లే పోయిందని, ఇదీ పోతే ఆ పిల్లకు ఏ ముఖంతో కనబడనని బంగారమ్మగారితో పదేపదే అనేవారు.

ఇదంతా జరిగి మూడేళ్ళయింది. ఇప్పుడు నేను మాస్టారి ఇంట్లో గూట్లో ఉంటున్నాను. కీ తిప్పే బొడిపె పట్టేసింది, బాగుచేసేవాడు మా ఊళ్ళో లేడు. దిగులేమీ లేదు. మంచి చేతుల్లో పడ్డాను, ఒక తప్పు చేశాను, అది దిద్దుబాటు కావడం కూడా చూశాను. అందరికీ ఇది దక్కదు. ఇక ఫలితం వచ్చిన రోజు సంగతి చెప్పి ముగిస్తాను.

మాస్టారు అప్పటికింకా ఆసుపత్రిలోనే ఉన్నారు. సువార్త మధ్యాహ్నం మూడింటికి వచ్చింది. స్టూలు లాక్కుని కూర్చుంది. కాలు ఎలా ఉంది మాస్టారూ అని అడిగింది. ఆయన కట్టు గురించి మొదలుపెట్టారు. లేని వేలు దురద పెడుతోందన్నారు. బంగారమ్మ ఉప్పు లేకుండా వండుతోందన్నారు. ఆగి, గొంతు తగ్గించి, ఇంక గ్రౌండులో నిలబడగలనో లేదోనని భయంగా ఉందన్నారు. ఆ మాట ఆయన ఇంట్లో కూడా అనలేదు. సువార్త ఎక్కడా అడ్డు రాలేదు, ఏం పర్వాలేదని తొందరపడి అనలేదు. ఆయన చెప్పేదంతా అయ్యాక, దేనికి ఎక్కువ భయమేస్తోంది అని అడిగింది. ఆయన అదీ చెప్పారు. చెప్పి తేలికపడ్డాక గుర్తొచ్చి ఉలిక్కిపడ్డారు.

"అమ్మా, నీ పరీక్ష ఏటయింది?"

"బీ వచ్చింది మాస్టారూ. పొద్దున్నే తెలిసింది."

"పొద్దున్న తెలిస్తే ఇంతసేపూ చెప్పవేటి?"

"మీరు చెప్తున్నారు కదండీ," అంది సువార్త.

మాస్టారు నన్ను దిండు కింద నుంచి తీసి, కీ ఇవ్వకుండానే, నా అద్దాన్ని బొటనవేలితో తుడుస్తూ కూర్చున్నారు.