తడి మట్టి బరువు

ఎవరి చేతిలో ఏ పుస్తకం పెట్టాలో చిట్టికి తెలిసినట్టు ఆ పుస్తకాల కొట్టులో ఇంకెవరికీ తెలియదు. తల నెరిసినా ఆమె అందరికీ చిట్టే. కొట్టు వెనకభాగంలో, మెట్ల కింద ఉన్న మొక్కల పుస్తకాల అలమర ఆమె రాజ్యం. వచ్చినవాళ్లను ముందు రెండు ప్రశ్నలు అడిగేది. "మీ ఇంటికి ఎండ ఎటునుంచి వస్తుంది? ఇప్పటిదాకా ఏయే మొక్కల్ని చంపారు?" రెండో ప్రశ్నకు నవ్వనివాళ్లు ఉండేవారు కాదు. నీళ్లు ఎక్కువ పోసి చంపేవాళ్లకు మట్టి గురించిన పుస్తకం ఇచ్చేది. ఒక్క కిటికీ తప్ప ఇంకేమీ లేనివాళ్లకు నీడలో బతికే ఆకుమొక్కల బొమ్మల పుస్తకం. పెంచే ఓపిక లేక చదువుకుని మురిసిపోయేవాళ్లకు, వెనకటి రోజుల్లో విత్తనాల కోసం కొండలెక్కి ఓడలెక్కిన వాళ్ల కథలు.

"మొదటి పుస్తకం పల్చగా ఉండాలి. లావు పుస్తకం ఇస్తే మొక్కా చస్తుంది, చదివేవాడూ చస్తాడు" అనేది.

ఆమె బావ బస్సు డ్రైవరు. మోకాలు పాడై, ఇంకా సర్వీసు ఉండగానే ఇంట్లో కూర్చోవలసి వచ్చింది. బతుకంతా రోడ్డు చూసిన మనిషికి నాలుగు గోడలు చూడటం చేతకాలేదు. అక్క గిన్నె కింద పెడితే తప్పు, ముసలి తల్లి దగ్గితే తప్పు. ఒకరోజు అక్క కొట్టుకే వచ్చి స్టూలు మీద కూలబడింది.

"ఆయన చేతిలో ఏదో ఒకటి పెట్టవే చిట్టీ. పొద్దస్తమానం ఇంట్లో ఉంటే నాకు నిప్పుల మీద కూర్చున్నట్టుంది."

చిట్టి డాబా మీద కుండీల గురించిన పల్చటి పుస్తకం ఒకటి తీసి ఇచ్చింది. బావ కొన్నాళ్లు దాన్ని మంచినీళ్ల గ్లాసు మీద మూతగా వాడాడు. ఏ రోజు తెరిచాడో ఏమో, తరవాత చిట్టి వెళ్లేసరికి డాబా మీద మిరప నారు మొలిచి ఉంది. మోకాలు పట్టుకుని మెట్లెక్కి మరీ చూపించాడు.

అక్కడినుంచి ఆయనకు పట్టపగ్గాలు లేవు. ఒక పుస్తకం అయ్యేలోపే ఇంకోటి అడిగేవాడు. చిట్టి కూడా సంబరంగా తెచ్చి ఇచ్చేది. కుండీలు తొట్లయ్యాయి, తొట్లు సగానికి కోసిన ఇనప డ్రమ్ములయ్యాయి. ఇంట్లో అరుపులు తగ్గాయి. అక్క ముఖంలో నవ్వు వచ్చింది. "నువ్వు పుస్తకాలివ్వలేదే, నాకు మళ్లీ మొగుణ్ణిచ్చావు" అంది చెల్లెలితో.

డాబా మీద అడవి పెంచడం గురించిన లావుపాటి పుస్తకం ఇచ్చినప్పుడు మాత్రం చిట్టి ఒక మాట గట్టిగానే చెప్పింది.

"బావా, ముందు మూడో అధ్యాయం చదవండి. తడిసిన మట్టి ఎంత బరువుంటుందో, స్లాబు ఎంత మోస్తుందో అందులో ఉంది. మేస్త్రిని పిలిచి చూపించాకే మొదలుపెట్టమని రాశారు."

బావ పుస్తకాన్ని చేత్తో తూచి నవ్వాడు. "కిటికీలకు వేలాడే జనాన్ని ఎక్కించుకుని కొండదారిలో బస్సు నడిపినవాణ్ణి. బరువు సంగతి నాకు చెప్తావా మరదలా?"

అక్క కూడా నవ్వింది. ఆ నవ్వు చెడగొట్టబుద్ధి కాలేదు చిట్టికి.

పిట్టగోడ పొడుగునా మోకాలెత్తు ఇటుక మడులు లేచాయి. లారీలో మట్టి వచ్చింది. జామ చెట్టు వచ్చింది. చివరికి ఒక మూల తామర కుంట కూడా కట్టాడు. నీళ్లు ఎండిపోకుండా వాన నీళ్లు పోయే గొట్టాలకు గుడ్డలు కుక్కి సిమెంటు పూశాడు. ఆ మూల కింద ఉన్నది ఆయన తల్లి గది.

ముందుగా తెలిసింది ఆ ముసలామెకే.

"పైన ఎవరో పళ్లు కొరుకుతున్నారే" అంది కోడలితో ఒక పొద్దున.

"చెవిలో అరిచినా వినపడదు కానీ, పైన పళ్లు కొరికేది వినపడిందట" అని అక్క నవ్వేసింది.

తరవాత ఆ గది తలుపు పట్టేయడం మొదలైంది. వానలకు చెక్క ఉబ్బిందని బావ అంచు చిత్రిక పట్టాడు. మళ్లీ పట్టేసింది. మళ్లీ చిత్రిక పట్టాడు. కప్పు మీద గోధుమరంగు మరక కనిపిస్తే సున్నం కొట్టాడు. వారం తిరక్కుండా సున్నం కిందినుంచి మరక మళ్లీ పైకి తేలింది, ఈసారి మంచమంత వెడల్పున.

ఒక సెలవురోజు చిట్టి ముసలామెకు తల దువ్వుతోంది. దువ్వెన గరగరమంది. చూస్తే పళ్ల మధ్య తెల్లటి రవ్వ. దిండు మీద కూడా. తల ఎత్తి చూసింది. ఫాను కొక్కెం దగ్గర మొదలై మూలదాకా వెంట్రుకవాసి బీట ఒకటి పాకుతోంది. కొంతమేర సున్నం దాన్ని కప్పింది. ఆ తరవాత బీట సున్నాన్ని దాటి ముందుకు పోయింది.

"ఇది మంచిది కాదు బావా. రేపే మేస్త్రిని పిలవండి."

"సున్నం బీట. ఏ ఇంట్లో లేదు చెప్పు? వానలు పోనీ, చూద్దాం. అది సరే, డ్రమ్ముల్లో పెంచే నిమ్మ చెట్ల పుస్తకం తెస్తానన్నావు?"

పుస్తకం ఆమె సంచిలోనే ఉంది. ఇవ్వకూడదనుకుంది. ఆయన చెయ్యి చాచి నిలబడ్డాడు, పసివాడిలా. తీసి ఇచ్చింది.

వాన పట్టుకుంది. పగలూ రాత్రీ తేడా లేకుండా, తెరిపి ఇవ్వకుండా కురిసింది. మూడో రోజు మధ్యాహ్నం కొట్టులోకి ఒక టీచరమ్మ గొడుగు దులుపుకుంటూ వచ్చి, డాబా మీద తోట వేస్తున్నానంది. చిట్టి అలవాటుగా లావుపాటి పుస్తకం తీసి మూడో అధ్యాయం తెరిచింది. "ఇది ముందు చదవండి" అంటూ తనే ఒక పేరా పైకి చదవసాగింది. ఎండుమట్టి మోసిన స్లాబు అదే మట్టి తడిస్తే మోయకపోవచ్చు. నీళ్లు పోయే దారి మూసుకుపోతే డాబా చెరువవుతుంది. ఇల్లు ముందే చెబుతుంది, తలుపులు పడవు, కప్పునుంచి రవ్వ రాలుతుంది.

అక్కడితో ఆగిపోయింది.

"ఏమైందండీ?" అంది టీచరమ్మ.

చిట్టి పుస్తకం ఆవిడ చేతిలో పెట్టి, గొడుగు కూడా తీసుకోకుండా వీధిలోకి పరిగెత్తింది.

అక్క వంటింట్లో ఉంది. ముసలామె గది తలుపు రావడం లేదు. అక్కాచెల్లెళ్లు ఇద్దరూ భుజాలు ఆనించి తోస్తే మూరెడు మేర తెరుచుకుంది. లోపల ముసలామె మంచం మీద కూర్చుని, దుప్పటి నెత్తిన కప్పుకుని ఉంది.

"పిలిస్తే ఎవరూ రారేమే? ఇసక పడుతోంది" అంది, కోపంగా.

పైనున్న బీటలోకి ఇప్పుడు వేలు దూరుతుంది. దాని అంచుల వెంట నీళ్లు వరసగా చుక్కలు కట్టి వేలాడుతున్నాయి. ఆమెను పక్కదుప్పటితో సహా ఎత్తుకుని వీధిలోకి, ఎదురింటి అరుగు మీదికి తెచ్చారు.

బావ డాబా మీద ఉన్నాడు.

"బావా! దిగండి! ఇల్లు కూలేటట్టుంది!"

"వస్తున్నానే! జామ చెట్టు ఒరిగింది, కట్టేసి వస్తా!"

చిట్టి బయటి మెట్ల దగ్గరకు వెళ్లి మొదటి మెట్టు మీద కాలు పెట్టింది. గోడ లోపల ఎండుకట్టె విరిగినట్టు చప్పుడైంది. ఆమె కాలు వెనక్కి తీసుకుంది. ఏం చెబితే ఈ మనిషి దిగుతాడు? చెట్టును వదిలి వచ్చేంత మాట ఏముంది?

"బావా! అత్తయ్య పడిపోయింది! పలకట్లేదు!"

తాడు వదిలేసిన చప్పుడు. కుంటుతూ, జారుతూ, సగం మెట్లు కూర్చునే దిగి, ఆయన వీధిలోకి వచ్చిపడ్డాడు. ఎదురింటి అరుగు మీద తల్లి కళ్లు చికిలించి చూస్తోంది.

"నాకేమైందిరా? బాగానే ఉన్నానుగా" అంది.

బావ గిర్రున తిరిగాడు. చెయ్యి లేచింది. "కన్నతల్లి మీద అలాంటి మాట ఎలా అన్నావే? నోరెలా వచ్చిందే నీకు?"

ఆ చెయ్యి అలాగే గాలిలో ఉండగా ఇంటి లోపల ఎవరో పెద్దగా నిట్టూర్చినట్టయింది. ఆ వెనకే నేల అదిరింది. వానలోనే కిటికీల్లోంచి తెల్లటి దుమ్ము బుస్సున బయటికి కొట్టింది. దుమ్ము అణిగాక చూశారు. ముసలామె గది కిటికీ ఊచల వెనక జామ కొమ్మలు నిలబడి ఉన్నాయి. పచ్చటి ఆకులు, వాటి మధ్య ఇంకా రాలని పిందెలు. మంచం మాత్రం ఎక్కడా కనపడలేదు.

ముసలామె ఒక్కతే మాట్లాడింది. "చెప్పాను కదరా" అంది, మెల్లగా.

దేవుడి దయవల్ల ప్రాణాలు దక్కాయన్నారు అందరూ. ఊరి చివర, కాస్త పెరడున్న చిన్న పెంకుటిల్లు అద్దెకు తీసుకున్నారు. ముసలామె గదిలో పడుకోనంది. గడపలో సగం లోపల, సగం బయట మంచం వేయించుకుని పడుకునేది. అక్క నవ్వడం మానేసింది. బావ మరదలితో మాట్లాడటం మానేశాడు. కొట్టులో చిట్టి కూడా మారింది. ఎవరైనా డాబా తోట పుస్తకం అడిగితే, "కింద ఎవరు పడుకుంటారు?" అని అడిగేది. కొందరు భయపడి పుస్తకం కొనకుండానే వెళ్లిపోయేవారు.

ఎండలు ముదిరాక ఒకనాడు బావ కొట్టుకు వచ్చాడు. మనిషి సగమయ్యాడు. అలమర ముందు చాలాసేపు నిలబడి, ఆమె వంక చూడకుండానే అన్నాడు.

"నేలలో వేసే చెట్ల మీద ఏదైనా ఉందా? ఈసారి డాబా లేదులే. ఉత్త పెరడే."

ఆ గొంతు మళ్లీ విన్నందుకు చిట్టి కళ్లు చెమ్మగిల్లాయి. చెయ్యి పుస్తకం మీదికి పోయి ఆగింది.

"గోడకి ఎంత దూరంలో వేస్తారు బావా?"

"ఏ గోడకి?" అన్నాడాయన.

చిట్టి పుస్తకం తియ్యలేదు. అలమరకు తాళం వేసి ఆయనతో బయలుదేరింది. పెరట్లో, ముసలామె పడుకునే గడప పక్కనే, గోడకు ఆనుకుని, ఒక రావి మొక్క అప్పటికే నడుమెత్తు ఎదిగి ఉంది. లేత ఆకులు గాలి లేకపోయినా వణుకుతున్నాయి.

"వేసింది నేనే. నీడ తొందరగా వస్తుందని" అన్నాడు బావ. "చిన్న మొక్కే కదే."

"గునపం ఏదక్కా?" అంది చిట్టి.

అక్క తెచ్చి ఇచ్చింది. బావ అడ్డం రాలేదు. తల్లి మంచం పట్టె మీద కూర్చుని, చేతులు ఒళ్లో పెట్టుకుని చూశాడు. చిట్టి చుట్టూ తవ్వి, మొదలు రెండు చేతులా పట్టుకుని లాగింది. మొక్క కదిలింది కానీ రాలేదు. మళ్లీ కాలు తన్నిపెట్టి లాగింది. ఫట్టున తెగి వెనక్కి పడింది.

చేతిలోకి వచ్చింది సగం వేరు మాత్రమే. మిగతా సగం గోడ కిందికి పోయి ఉంది. ఎంతదాకా పోయిందో పైనుంచి చూస్తే తెలియడం లేదు.