తృప్తి కాగితం

తొంభై ఒకటిలో నాచారంలోని మా దవాఖానాలో సిబ్బందికి తలా ఒక కాగితం పంచారు. "మీ పనిలో మీకు తృప్తి ఉందా?" అన్నది మొదటి ప్రశ్న. కింద సంతకం పెట్టి దవాఖానా పెద్దసారుకు పంపాలి. అది బదిలీల కోసమని కొందరు, మనుషుల్ని తగ్గించడానికని కొందరు అనుకున్నారు.

నేను గాయాలకు కట్లు కట్టే డ్రెస్సర్ని. ఆడవాళ్ల ఆపరేషన్ వార్డులో ఆయా దానమ్మకు చదువు రాదు. నారపల్లి నుంచి ఉప్పల్‌లో బస్సు మారి వస్తుంది. తన కాగితం నా చేతికిచ్చింది.

"బసవరాజన్నా, తృప్తి లేదని రాయి. నడుము నొస్తున్నదని రాయి."

"మొన్న ఓపీల కూసునే పని ఇస్తమంటే వద్దంటివి?"

"నాకు ఈ వార్డే గావాలె. గందుకే లేదని రాయమంటున్న. పని నచ్చిందంటే, ఈడ ఏం దొరుకుతున్నదని అడుగుతరు."

నా మనసులోనూ అదే ఉంది. ఆపరేషన్‌కు పోయేముందు ఆడవాళ్లు మెడలోవన్నీ తీసి ఇంటివాళ్లకిస్తారు. ఆ సమయంలో దానమ్మ తెర లాగుతుంది. బయటికొస్తూ కొంగు ముడి తడుముకుంటుంది. పొద్దున్నే పూజ చేసుకుని వచ్చేవాణ్ణి, ఊరికే ఒకరిని నిందించడం పాపమని తెలుసు. అయినా చూపు ఆ ముడి మీదికే పోయేది.

"ఆ కొంగుల ఏంది దానమ్మా?" అని అడిగేశాను.

దానమ్మ ముడి విప్పింది. ఆరేడు పసుపు కొమ్ములు, ఒక దారపు ఉండ.

"పుస్తెలు తియ్యమంటే వణుకుతరన్నా. బోసి మెడతోని లోపటికి పోతే మళ్ల రామేమోనని భయం. కొమ్ము గట్టి పంపుత. కండ్లు దెరిసినంక ముందుగాల మెడే తడుముకుంటరు. అప్పుడు నేనాడ ఉండాలె."

"నువ్వు చర్చికి పోయేదానివి గదా?"

"మెడ వాళ్లది గదన్నా."

నాకు తలెత్తబుద్ధి కాలేదు. "తృప్తి ఉందనే రాస్తనమ్మా. ఉన్నది రాద్దాం."

"వద్దు. రోజూ జూసే నీకే అనుమానమొచ్చె. నా మొఖం గూడ తెల్వని పెద్దసారుకు రాదా?"

"లేదంటే వేరే వార్డుకు మారుస్తే?"

"అందరు లేదనే రాసిన్రు. అందర్ని యాడికి మారుస్తరు?"

"లేదు" అని రాశాను. వేలిముద్రకు సిరా అంటించుకోకముందే ఆమె బొటనవేలు కాగితానికి తగిలింది. అంచున పసుపు మరక పడింది. రబ్బరుతో రుద్దాను, పోలేదు.

"ఇదేందని పెద్దసారు అడిగితే?"

"కూరల పసుపని చెప్పు" అంటూ కొంగు ముడేసుకుంది. ఇంకెవరినో ఆపరేషన్‌కు తీసుకుపోవడానికి స్ట్రెచర్ వచ్చింది. దానమ్మ తెర లాగింది.

కాగితాన్ని మరక లోపలికి పోయేలా మడిచి ఆఫీసులో ఇచ్చాను.