మామగారి సీన్లు

ఎడిటింగ్ గదిలో కత్తెరమ్మకు ఒక అలవాటు ఉంది. జోకు పడగానే తను నవ్వుతుంది. నవ్వు ఆగేదాకా సీనును సాగనిచ్చి, అక్కడ కోస్తుంది. హాల్లో జనం కూడా అంతసేపే నవ్వుతారని ఆమె లెక్క. ముగ్గురు అల్లుళ్లూ ఒక మామగారూ ఉన్న, ఆమె కోసిన నవ్వుల సినిమా వరుసగా మూడు భాగాలు ఆడింది. మూడింటిలోనూ లెక్క తప్పలేదు.

నాలుగో భాగంలో తప్పింది. మామూలుగా కాదు, మొదటి ఆటకే పరువు గంగలో కలిసింది. మామగారు జోకు వేస్తారు, తెర మీద ఆయన ముఖం అలా నిలబడి ఉంటుంది, కింద ఎవరో దగ్గుతారు. అంతే, నవ్వు లేదు.

ఆ వేషం వేసి వేసి ఆయనకు బయట కూడా మామగారనే పేరే స్థిరపడింది. పోయినేడు పక్షవాతం వచ్చి లేచారు. మాట తిరిగొచ్చింది గానీ అందులో విసురు రాలేదు. కత్తెరమ్మకు అది తెలియనే లేదు. చావు తప్పి వచ్చిన మనిషి కళ్లముందు మాట్లాడుతుంటే ఆ సంతోషంలో పడీపడీ నవ్వింది, నవ్వినంత సేపూ సీను సాగనిచ్చింది. ప్రేమ గుడ్డిదంటారు, చెవిటిది కూడానేమో!

మధ్యాహ్నం నిర్మాత ఫోన్ చేశాడు. "ఆయన సీన్లు పదిహేను నిమిషాలు లేపెయ్. రేపటికి కొత్త కాపీ వెళ్లాలి. ఆయనకి మాత్రం చెప్పకు."

తీసేస్తే మామగారు కుమిలిపోతారు, ఉంచితే ఊరంతా ఆయన్నే ఆడిపోసుకుంటుంది. ఎటూ తేల్చుకోలేక కూర్చుని ఉండగానే తలుపు తోసుకుని ఆయనే వచ్చారు, చేతికర్ర ఊతంగా.

"పొద్దున్నాట చూశానమ్మాయ్."

"తప్పంతా నాదే మామగారూ. ఎక్కడికక్కడ సాగదీశా. మీరు బాగానే చేశారు."

"నలభై ఏళ్లుగా జనాన్ని నవ్విస్తున్నా, నాకే కబుర్లు చెప్తావా?" అంటూ కుర్చీ లాక్కున్నారు. "కానియ్. నేను చెప్తా, నువ్వు కొయ్యి."

సీను నడుస్తుంటే ఆయన కర్రతో నేల మీద తట్టేవారు. తట్టిన చోటల్లా ఆమె కోసింది. అద్దం ముందు మామగారు తనతో తనే పోట్లాడే సీను దగ్గర మాత్రం ఆమె చెయ్యి ఆగిపోయింది.

"దీనికోసం నెల రోజులు పలకడం నేర్చుకున్నారు కదండీ!"

"నేర్చుకున్నా. రాలేదు. కొయ్యి."

నిర్మాత పదిహేను నిమిషాలు అడిగితే, మామగారు ఇరవై రెండు తీయించారు. తర్వాత ఆమె ఫోన్ అడిగి తీసుకుని నిర్మాతకు తనే చేశారు.

"అయిదో భాగానికి వేరే మనిషిని చూసుకో బాబూ. ఆరోగ్యమా? బానే ఉంది. నవ్వించడమే రావట్లేదు."

కత్తెరమ్మ ఆయన చెయ్యి పట్టుకుని భోరున ఏడ్చేసింది. ఆయన వద్దనలేదు.