బాయికాడి రెండు గుంటలు

సక్కుబాయి ఇంట్లో పప్పు ఉడకాలంటే ముందు సక్కుబాయి అరకోసు నడవాలి. ఇంటి వెనక బావి లేక కాదు, ఉంది. కానీ దాని నీళ్ళు ఉప్పన. ఆ నీళ్ళలో కందిపప్పు పొద్దెక్కేదాకా కుతకుతలాడినా పలుకు పలుకుగానే ఉంటుంది. పప్పు ఉడకలేదని ఆ ఇంట్లో నీళ్ళను ఎవరూ తిట్టరు, కోడలిని తిడతారు. అందుకే ఆమె కోడి కూయగానే లేచి, రాట్నం ముందు కూర్చొని గంపెడు నూలు కండెలు చుట్టి, మగడు రామచంద్రం మగ్గం పక్కన పెట్టి, నెత్తిన ఒక బిందె, చంకన ఒక బిందెతో సిరిసిల్ల నేతగాళ్ళ వాడ దాటి బుచ్చిరాములు చెలకలో ఉన్న మంచినీళ్ళ బావికి పోయేది. తిరిగొచ్చేసరికి అత్త చంద్రవ్వ అరుగు మీద కూర్చొని ఉండేది. "నీళ్ళకు వొయినవా, నీళ్ళు వుట్టియ్య వొయినవా?" అనేది. రోజూ అదే మాట. రోజూ తానే నవ్వుకునేది.

హైదరాబాద్ స్టేట్ పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన ఏడాది బుచ్చిరాములు ఆ చెలకను ముక్కలు చేసి ఇండ్ల జాగలుగా అమ్ముతున్నాడని ఊరంతా అనుకున్నారు. మగవాళ్ళు గుంపులుగా పోయి చూసి వచ్చారు. అందరికీ బాట పక్క జాగలే కావాలి. బాట పక్కనైతే రేపు దుకాణం పెట్టుకోవచ్చునట, బండి దిగితే ఇల్లేనట. బావి పక్కన తుమ్మచెట్లు, రాళ్ళు, ఎత్తుపల్లాలు. అటువైపు ఎవరూ కన్నెత్తి చూడలేదు. సక్కుబాయి ఏ జాగా చూడటానికి పోలేదు. నీళ్ళకు పోయింది, అంతే. కానీ బిందె ముంచుతూ ఆమెకు ఒక సంగతి తోచింది. ఇక్కడ ఇండ్లు లేచాక ప్రతి ఇంట్లోనూ ఒక ఆడది ఉంటుంది. ఆ ఆడది నీళ్ళు మోస్తుంది. మోసి మోసి నడుము విరిగాక, బావి పక్క జాగా అయితే ఎంత బాగుండు అని మగడి ప్రాణం తీస్తుంది. అప్పుడు ఈ తుమ్మచెట్ల నేలకు బాట పక్క నేలను మించిన గిరాకీ వస్తుంది. ఎవరూ చెప్పని ఈ సంగతి ఆమె మెడనరాలకు తెలుసు.

ఆ మాట మగడితో అనడానికి వారం పట్టింది. రామచంద్రం చెడ్డవాడు కాదు. చేయెత్తి ఎరగడు, తాగి ఎరగడు. పెండ్లాం చెప్పింది వినాలన్న ఆలోచన పుట్టని మంచివాడు, అంతే. విని నవ్వాడు.

"భూమి కొనెటోళ్ళు మన్ను సూస్తరు, బాట సూస్తరు. నీళ్ళు సూస్తరా ఎవలన్న?"

"నెత్తిన మోసెటోళ్ళు నీళ్ళే సూస్తరు."

"మరి పైసలు?"

సక్కుబాయి కాళ్ళ కడియాలు తీసి అతని ముందు పెట్టింది. ఆమె అవ్వ పెట్టిన కడియాలు అవి. ఇరవై ఏళ్ళ రాట్నం పనికి ఆ ఇంట్లో ఆమెకు ఒక్క పైసా ఎవరూ లెక్కకట్టలేదు గనుక, ఆమెది అనదగ్గ సొత్తు ఆ రెండు వెండి కడియాలే. రామచంద్రం వాటిని చేతిలో పట్టుకొని బరువు చూశాడు. ఆ తర్వాత నవ్వలేదు.

రాతకోతల రోజు వచ్చింది. దస్తావేజులు రాసే పెద్దమనిషి అరుగు మీద బుచ్చిరాములు, ఇద్దరు సాక్షులు కూర్చున్నారు. సక్కుబాయి కొంగు నిండా కప్పుకొని మెట్టు కింద నిలబడింది. బావి పక్క రెండు గుంటల జాగ, తూర్పున బావి, పడమర బండల గట్టు, అంటూ హద్దులన్నీ చదివాక రాసేటాయన కలం ఆపి అడిగాడు, "ఎవరి పేరు మీద?"

అప్పుడు రామచంద్రం అన్న మాట సక్కుబాయి చచ్చేదాకా మరిచిపోదు. "జాగ జూసింది ఇది, కడియాలిచ్చింది ఇది. దీని పేరు మీదనే రాయిరి పంతులూ" అన్నాడు. సరదాకు అన్నాడో, మనసులో నుంచే అన్నాడో ఇప్పటికీ ఆమెకు తెలియదు. అన్నాడు మాత్రం. సాక్షులు నవ్వారు. రాసేటాయన నవ్వలేదు, ఆమె వైపు తిరిగి, "నీ పేరేందమ్మా?" అన్నాడు.

నోటిదాకా వచ్చింది పేరు. కానీ అంతకు ముందు దినమే అత్త పొయ్యి దగ్గర కూర్చొని అన్న మాట గొంతుకు అడ్డం పడింది. "మొగడుండంగ పెండ్లాం పేర భూమి రాపిచ్చుడంటే, ఆయన పోయినంక బతికెటందుకు ముందుగాల్నే ఏర్పాటు జేసుకున్నట్టు. మా దేవవ్వకు గట్లనే రాపిచ్చిండు దాని మొగడు. ఏడాది తిరగలే, వాంతులు తగిలి ఆయన పాయె." ఈ వాడలో అందరూ నమ్మే మాటే అది. ఆడదాని పేర భూమి ఉందంటే ఆమె ముండమోసినదన్నా కావాలి, మోయబోయేదన్నా కావాలి. సక్కుబాయి మగడి వైపు చూసింది. నిన్ననే గంజి పెట్టిన నూలు ఆరేస్తూ అతను దగ్గాడు. ఆ దగ్గు ఇప్పుడు గుర్తొచ్చింది. పుస్తెలు చేత్తో పట్టుకొని, "అద్దు. ఇంటాయన పేరు మీదనే రాయిరి" అంది.

"మంచిదమ్మా, కుదురైన మనిషివి" అన్నాడు బుచ్చిరాములు. రామచంద్రం ముఖంలో హమ్మయ్య అన్న కళ ఒకటి కనిపించింది. లేక అది ఆ రోజు లేదో, తర్వాత ఆమే కల్పించుకొని గుర్తుపెట్టుకుందో. ఇంటికి వస్తూ ఆమె ఎంత గర్వపడిందో తలచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. మగడి ప్రాణం కాపాడానన్న గర్వం అది.

ఆ తర్వాత కొన్నేండ్లు నీళ్ళకు పోవడం ఆమెకు పనిలా తోచలేదు. తిరిగి వచ్చేటప్పుడు తన జాగలో హద్దురాయి మీద బిందె దించి కాసేపు నిలబడేది. పొయ్యి ఎటు పెడితే పొగ ఇంట్లోకి రాదో చూసుకునేది. మగ్గం గుంత లేని గది ఒకటి ఉండాలి, ఆ గదిలో తాను కాళ్ళు చాపుకొని ఉత్తగా కూర్చోవాలి. ఉత్తగా కూర్చోవడం అనేది ఎలా ఉంటుందో కూడా ఆమెకు సరిగా తెలియదు, ఐనా గది మాత్రం అనుకుంది. చుట్టూ ఇండ్లు లేచాయి. ఆమె అనుకున్నట్టే బాట పక్కన కొన్నవాళ్ళ ఆడవాళ్ళు నడుములు పట్టుకొని బావి దాకా వస్తూ, "అదృష్టం నీదే అక్కా" అనేవాళ్ళు. ఆమె బిందె ఎత్తుకునేది. ఆ మాట మాత్రం ఇల్లు చేరేదాకా తీయగా ఉండేది.

సిరిసిల్లకు కరెంటు వచ్చాక ఆమె మరిది పర్శరాములు భీవండి నుంచి దిగాడు. అక్కడ మగ్గాల్లేవట, అన్నీ సాంచాలేనట, కరెంటు మీద వాటంతట అవే బట్ట నేస్తాయట. అన్నదమ్ములిద్దరూ గుసగుసలాడుకుంటూ తిరిగారు. సక్కుబాయి గుమ్మంలోకి వస్తే మాట మార్చేవాళ్ళు. "నీకెందుకు వదినా గీ పరేషాని" అన్నాడు మరిది ఒకసారి, చాలా ప్రేమగా.

సంగతి ఆమెకు బావి దగ్గర తెలిసింది. ఎప్పటిలా హద్దురాయి మీద బిందె దించబోతుంటే కిరాణా కొట్టు ఆయన భార్య సత్తమ్మ వచ్చి, "అండ్ల పెట్టకు సక్కుబాయీ, రేపు ముగ్గు పోస్తున్నం" అంది.

"ఎండ్ల?"

"మా జాగల. మొన్ననే మీ ఆయన రాసిచ్చిండు గద. నీకు ఎర్కలేదా?"

చుట్టూ నలుగురు ఆడవాళ్ళు ఉన్నారు. "ఎర్కనే. మర్సిన" అంది సక్కుబాయి. బిందెను మళ్ళీ నెత్తికి ఎత్తుకుంది. ఆ రోజు దారి పొడుగునా నీళ్ళు ఒలికి చీర తడిసిపోయినా ఆమెకు తెలియలేదు.

రామచంద్రం అన్నానికి కూర్చున్నాడు. వడ్డించింది. అంత కోపంలోనూ ముందు వడ్డించినందుకు తన చేతుల మీద తనకే అసహ్యం వేసింది. తర్వాత అడిగింది, "నా జాగ అమ్మినవా?"

అతను తల ఎత్తలేదు. "సాంచాలకు పైసలు గావాలె. ఇంకేడికెల్లి తెత్తు?"

"నన్ను ఒక్క మాట అడగవా?"

అప్పుడు తల ఎత్తాడు. కోపం లేదు, ఎగతాళి లేదు. లెక్క చెప్పినట్టు చెప్పాడు. "నీదే అయితే నీ పేరు మీద ఉండేది గద. నేను రాపిస్తనంటె నువ్వే అద్దంటివి."

అబద్ధమాడి ఉంటే తిట్టేది. కొట్టి ఉంటే ఏడ్చేది. అతను నిజం చెప్పాడు. సక్కుబాయి అన్నం గిన్నె తీసుకెళ్ళి పొయ్యి దగ్గర పెట్టింది. ఇన్నేండ్లలో అతనికి జ్వరం కూడా గట్టిగా రాలేదు. రాయిలా ఉన్నాడు. ఉండాలి, వందేళ్ళుండాలి. ఆ ఒక్క దినం తన పేరు చెప్పి ఉన్నా అతను ఇలాగే బతికి ఉండేవాడేమో కదా అని ఆమె మొదటిసారి అనుకుంది. అలా అనుకున్నందుకు ఆమెకు వెంటనే భయం వేసింది, కానీ వెనక్కి మాత్రం తీసుకోలేదు.

సాంచాలు వచ్చాయి. నాలుగు. వాటి చప్పుడుకు ఇంట్లో మాట వినపడదు. అవి మగ్గంలా ఓపిక పట్టవు, గంపలకు గంపలు కండెలు మింగుతాయి. సక్కుబాయి ఒక్కతే చుట్టలేకపోతుందని వాడలోని యాదవ్వను, ఇంకొకామెను కూలికి పెట్టారు. ముగ్గురూ పక్కపక్కనే కూర్చొని ఒకే పని చేసేవాళ్ళు. మధ్యలో లేచి వంట చేసి, మంచినీళ్ళు మోసి, అత్తకు కాళ్ళు పట్టి వచ్చేది మాత్రం సక్కుబాయి ఒక్కతే. శనివారం సాయంత్రం రామచంద్రం కూలి పంచేవాడు. యాదవ్వ పైసలు కళ్ళకద్దుకొని కొంగున కట్టుకునేది. సక్కుబాయి వాళ్ళకు చాయ్ పెట్టేది.

కొన్ని శనివారాలు అలా గడిచాక ఒక శనివారం ఆమె చాయ్ పెట్టలేదు. తన గంప తెచ్చి యాదవ్వ గంప పక్కన పెట్టి చేయి చాపింది.

రామచంద్రం అర్థం కాక చూశాడు. "నీకేందే?"

"కూలి."

"నీ ఇంట్ల పనికి నీకు కూలా?"

"నా ఇల్లు ఏదో సూపెట్టు. ఎవలి పేరు మీదుంటె వాళ్ళదే అన్నవు గద. సాంచాలు నీ పేరు మీదున్నయి, ఇల్లు నీ పేరు మీదున్నది. నేను పరాయోళ్ళ సాంచకు కండెలు చుట్టిన. కూలియ్యి."

చంద్రవ్వ లోపలి నుంచి ఏదో అన్నది. సాంచాల చప్పుడులో అది ఎవరికీ వినపడలేదు. యాదవ్వ తల దించుకుంది, కానీ పోలేదు. రామచంద్రం, ఈ గొడవ నలుగురి ముందు ఎందుకన్నట్టు యాదవ్వకు ఇచ్చినంతే తీసి ఆమె చేతిలో పెట్టాడు.

అంతే. ఇచ్చేశాడు. ఇల్లు కూలలేదు, ఎవరి ఆయుష్షూ తరగలేదు. అడిగితే వచ్చేది ఇంత సులువుగా వస్తుందని తెలియక ఎన్నేండ్లు పోగొట్టుకుందో తలచుకుంటే సక్కుబాయికి గెలిచినట్టు లేదు. ఏడుపు తన్నుకొచ్చింది.

రామచంద్రం వాతావరణం తేలిక చేద్దామని నవ్వాడు. "గీ పైసలు ఏం జేస్తవే? మల్ల జాగ కొంటవా ఏంది?"

"కొంట." కొంగున ముడి వేసుకుంటూ అంది. "బాయికాడ ఇగ దొరకది. దూరమే దొరుకుతది. మోసేది నేనే గద, మోస్త. గని రాసేకాడికి నువ్వు రాకు."