వణికింది చెయ్యి కాదు

అక్క చెయ్యి వణుకుతోందని ఇంటిల్లిపాదీ తీర్మానించేశారు. తీర్మానించడానికేం, నోరుంటే చాలు! మూడు నెలలు కూర్చుని ఆవిడ చెక్కలో చెక్కుకున్న బొటనవేలంత లకుముకి పిట్ట, రెక్కకి నీలం వేస్తుండగా మచ్చలు పడి పాడైంది. వేసింది ఎయిర్ బ్రష్‌తో. పెన్నులా పట్టుకుని మీట నొక్కితే గాలితో కలిసి రంగు పొగలా వస్తుంది. బ్రష్ ఆవిడదే, గాలి మాత్రం తమ్ముడిది. కార్లకు రంగులేసే అతని షెడ్డులో లారీ టైర్లు నింపేంత కంప్రెసర్ ఉంది. "ఇంట్లో ఒకటుండగా ఇంకోటి కొంటారా ఎవరైనా?" అని అందరూ ఆవిణ్ని అక్కడికే తోలారు. పిట్ట పాడయ్యాక ఆ కంప్రెసర్‌ని పల్లెత్తు మాటన్నవాడు లేడు.

"యాభై ఆరేళ్లొచ్చాయక్కా. చెయ్యి అదురుతుంది మరి. ఇక ఆ సరదా మానుకో," అన్నాడు తమ్ముడు.

ఆ మాటకి ఆవిడ కడుపు మండిపోయింది. పందొమ్మిదేళ్లుగా పళ్ల డాక్టరు పక్కన నిలబడి రోగి నోట్లోకి గాలి గొట్టం పట్టుకునేది ఆ చెయ్యే. అది నిజంగా వణుకుతోందంటే పోయేది పిట్ట ఒక్కటే కాదు, ఉద్యోగం కూడా. రెండు రోజులు మంచినీళ్ల గ్లాసు ఎత్తినా చేతి వంకే చూసుకుంది. మూడో రోజు తన మీద తనకే ఒళ్లు మండి, బ్రష్ సంచిలో వేసుకుని కంప్రెసర్లమ్మే కొట్టుకి బయల్దేరింది. పిలవకపోయినా తమ్ముడు వెంటపడ్డాడు.

"ఎంత పెద్దది కావాలి సార్?" అన్నాడు కొట్టతను, తమ్ముడి వంక చూసి.

"అడగాల్సింది నన్నండీ. కొనేది నేను."

అతను గతుక్కుమని, ముందున్న పెద్ద మిషను మీద చెయ్యి వేశాడు. "అదీ మిషనంటే!" అన్నాడు తమ్ముడు.

"నేను పిట్టకి రంగెయ్యాలిరా, పిట్టని పేల్చక్కర్లేదు. ఇరవై పౌండ్ల ఒత్తిడి చాలు. కాకపోతే అది ఎగుడుదిగుడు లేకుండా నిలబడాలి."

కొట్టతను ఈసారి అరచేతిలో ఇమిడేంత డబ్బా తీశాడు. "ఆడవాళ్లు ఎక్కువగా ఇదే తీసుకుంటారండీ. చప్పుడుండదు, బరువుండదు."

దానికి గాలి నిలవుంచే ట్యాంకు కూడా లేదు. అయినా ఆవిడ బ్రష్ తగిలించి, పాత పేపరు పరిచి గీత లాగింది. గీత సన్నబడుతూ, లావవుతూ ఎగిరెగిరి పడింది.

తమ్ముడు పకపకా నవ్వాడు. "చెప్పానా? ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ఎన్ని మిషన్లు మార్చినా చెయ్యి ఆ చెయ్యేగా!"

ఆవిడకి నిజమేనేమో అని ఒక్క క్షణం భయం వేసింది. కానీ భయపడి ఇంటికెళ్లే రకమైతే అసలు బయల్దేరేదే కాదు.

"అదిగో, ఆ పై అరలోది దించండి. మూడు లీటర్ల ట్యాంకున్నది. తడిని పట్టే గాజు గిన్నె కూడా దానికుంది."

"దించాక నచ్చకపోతే..."

"నచ్చకపోతే మళ్లీ పైన పెడతారు. దించండి ముందు."

ట్యాంకు నిండగానే మోటారు దానంతటదే ఆగింది. ముల్లు ఇరవై దగ్గర నిలబడింది. ఆవిడ ఊపిరి బిగబట్టి, పేపరు ఈ చివర్నుంచి ఆ చివరిదాకా లాగింది. వెంట్రుకంత గీత, ఎక్కడా తెగలేదు. దాని పక్కనే ఇంకోటి, మరోటి. వరసగా తొమ్మిది గీతలు, నడుమ అగ్గిపుల్ల పట్టేంత సందు, ఒకదాన్నొకటి ముట్టుకుంటే ఒట్టు!

"ఇప్పుడు చెప్పరా, చెయ్యేనా?" అంది. కోపంతో ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి.

తమ్ముడు పేపరు ఎత్తి వెలుతురులో చూశాడు. "మరి మా షెడ్డులో మచ్చలెందుకు పడ్డాయి?"

"నీళ్లు. గాలిని కుక్కితే అందులో తడి నీరై ట్యాంకు అడుగుకి దిగుతుంది. క్లినిక్కులో రోజూ అడుగు కుళాయి తిప్పి, ఆ నీళ్లు వదిలాకే నేను ఇంటికొచ్చేది. నువ్వెప్పుడు తిప్పావు?"

"అదా..." తమ్ముడు నసిగాడు. "దాంట్లోంచి గాలి పోతోందని వెల్డింగ్ పెట్టించేశా. నాలుగేళ్లయింది."

కొట్టతను నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు.

"మద్దెల ఓడేరా, సన్నాసీ!" అంది ఆవిడ.

తమ్ముడు నవ్వలేదు. చేతిలో పేపరు మడిచి, మళ్లీ విప్పాడు. "అక్కా, పోయినేడాది మా పెద్ద పెయింటర్ని మాన్పించేశాను. కార్ల మీద పొక్కులొస్తున్నాయని. గాలిలో నీళ్లొస్తున్నాయి బాబూ అని ఆయన మొత్తుకున్నాడు. నీ చెయ్యి పనైపోయిందన్నాను."

"ఇప్పుడేం చేస్తున్నాడు?"

"సైకిల్ స్టాండులో చీటీలు చింపుతున్నాడు. వేరే షెడ్డువాళ్లు పిలిచినా పోలేదట. చెయ్యి పోయిందని తనే నమ్మేశాడు."

ఆవిడ కంప్రెసర్‌కి డబ్బు కట్టి, బ్రష్ తుడిచి సంచిలో పెట్టుకుంది.

"పెట్టె ఎత్తు. ముందు ఆయన దగ్గరికి పద. ఆయన చేత గీత గీయించాకే నేను ఇంటికొచ్చేది."

తమ్ముడు పెట్టె భుజానికెత్తుకున్నాడు.